ఫూలే గణేష్ ఆస్టర్ విత్తనం: ధర్మాబాద్, బిలోలి రేగడి నేలల్లో ఎలా పనిచేస్తుంది?

దీపావళి దాటిందంటే పెరట్లో బంతి పని అయిపోయినట్టే. కింది ఆకులు మాడిపోతాయి, పువ్వు చిన్నబోతుంది, కార్తీకం సగానికొచ్చేసరికి పీకి పారేయడమే మిగులుతుంది. చామంతి ఉంటుంది గానీ మన వైపు ఎక్కువగా దొరికేది పసుపు, తెలుపే. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా తోటలో ఊదా, గులాబీ రంగులు నిండుగా కనపడాలంటే ముందుగా చెప్పుకోవలసింది ఆస్టర్. ఇక్కడ మాట్లాడేది చైనా ఆస్టర్ గురించి. ఏడాది మొక్క, విత్తనం నుంచి వచ్చేది. ఏళ్ల తరబడి బతికే చలిదేశాల ఆస్టర్ సంగతి చివర్లో రెండు ముక్కల్లో.

నాందేడ్ జిల్లాలో తెలంగాణను ఆనుకుని ఉన్న ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ తాలూకాల వాళ్లు కొనగలిగే విత్తనం మూడు రకాలు. రాహురిలోని మహాత్మా ఫూలే కృషి విద్యాపీఠం (వ్యవసాయ విశ్వవిద్యాలయం) వాళ్ల ఫూలే గణేష్ రకాలు ఒకటి. బెంగళూరు హెసరఘట్టలోని ఐఐహెచ్ఆర్ (భారత ఉద్యాన పరిశోధన సంస్థ) వాళ్ల కామిని, పూర్ణిమ, శశాంక్, వయొలెట్ కుషన్ రెండోది. కృషి సేవా కేంద్రాల్లో, అంటే విత్తనాలు, ఎరువులు అమ్మే దుకాణాల్లో, కౌంటర్ పక్కన దండలా వేలాడే రంగురంగుల మిక్స్ పాకెట్లు మూడోది. ఈ సమీక్ష ముఖ్యంగా ఫూలే గణేష్ గురించే, మిగతా రెండూ పోల్చి చూడడానికి.

తీర్పు ముందే చెప్పేస్తాం. రేగడి నేల, వాన చివర నాటు, పండగలకు కోత అనుకునేవాళ్లకు ఫూలే గణేష్ మంచి కొనుగోలు. కాకపోతే విత్తనం తాజాది కావాలి, మడి ఎత్తుగా కావాలి, కార్తె తప్పకూడదు. ఈ మూడింట్లో ఏది తప్పినా తప్పు విత్తనం మీద వేయడం అన్యాయం.

పాకెట్‌లో ఏం వస్తుంది

పుణెలోని గణేష్‌ఖిండ్ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన రకాలివి. ఫూలే గణేష్ వైట్, పింక్, వయొలెట్, పర్పుల్ అని నాలుగు రంగులు, పాకెట్‌కి ఒకటే రంగు. అసలు విలువ అక్కడే ఉంది. ఒకే రంగు పాకెట్ నారు ఒకే ఎత్తున పెరుగుతుంది, దాదాపు ఒకేసారి మొగ్గ తొడుగుతుంది, పువ్వు సైజులో పెద్ద తేడా ఉండదు. సాలుకొక రంగు పెట్టుకున్నా, నాలుగు రంగులు నాలుగు చదరాలుగా పెట్టుకున్నా అనుకున్నది అనుకున్నట్టు కనపడుతుంది. మన నేలల్లో ఎరువును బట్టి మొక్క మూరకు కాస్త అటూ ఇటూగా, 45 నుంచి 60 సెంటీమీటర్ల దాకా లేస్తుంది. కర్ర పాతి కట్టాల్సిన పని ఉండదు.

గింజ సన్నగా, బల్లపరుపుగా, ఒక కొస మొనదేలి లేత గోధుమ రంగులో ఉంటుంది. గ్రాముకి 400 పైచిలుకు గింజలు తూగుతాయి. ధర చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. మిక్స్ పాకెట్ మీద చిన్న అక్షరాల్లో 50 గింజలనో 100 గింజలనో రాసి ఉంటుంది, విశ్వవిద్యాలయం విత్తనం గ్రాముల్లో ఇస్తారు. ధరను గింజల లెక్కతో భాగించండి, చవగ్గా కనిపించిన పాకెట్ ఎంత ఖరీదో అప్పుడు తెలుస్తుంది.

కొనేముందు పాకెట్ తిప్పి వెనక చూడాలి. రకం పేరు, లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, గడువు ఉండాలి. ఆస్టర్ గింజకి ఆయుష్షు తక్కువ. మామూలు గది వేడిలో ఏడాది దాటితే మొలక గబగబా పడిపోతుంది, రెండో వేసవి చూసిన గింజ మీద ఆశ పెట్టుకోకూడదు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల దుకాణంలో 42 డిగ్రీల వేడికి ఉడికిన పాకెట్ గడువులోపే ఉన్నా చచ్చిన సరుకుతో సమానం. అందుకే నిరుడు మిగిలిన పాకెట్‌ని రేటు తగ్గించి ఇస్తామన్నా వద్దనండి.

నమ్మకం కుదరకపోతే పరీక్ష సులువు. 20 గింజలు తీసి తడి కాటన్ గుడ్డలో పరిచి, మడిచి, స్టీల్ డబ్బాలో పెట్టి మూత వదులుగా వేయండి. నీడలో ఉంచి గుడ్డ ఆరకుండా చూస్తే ఐదో రోజు నుంచి తెల్ల మొలక కనపడుతుంది, పదో రోజు లెక్కపెట్టండి. 14 పైన మొలిస్తే మంచి విత్తనం. 10 మొలిస్తే రెట్టింపు చల్లుకోవాలి. అంతకన్నా తక్కువైతే నారుమడి శ్రమ దండగ.

ఎంత కొనాలి? 30 సెంటీమీటర్లకొక మొక్క చొప్పున కాలిబాటలు పోను గుంటకి (ఎకరంలో నలభయ్యో వంతు) దాదాపు 850 మొక్కలు పడతాయి. ట్రేలో జాగ్రత్తగా పెంచితే గ్రాముకి 200 దాకా మంచి నార్లు చేతికొస్తాయి, కాబట్టి గుంటకి 5 గ్రాములు చాలు. నారుమడిలో వెదజల్లి పోసేవాళ్లు దానికి రెట్టింపు పెట్టుకోవాలి. ఇంటి ముందు మూడు మీటర్ల మడి అయితే నాలుగు రంగులవీ ఒక్కో చిటికెడు చాలు, మిగిలింది పక్కింటివాళ్లతో పంచుకోవడమే మేలు. దాచుకుని లాభం లేదని పైన చెప్పాం కదా.

కార్తె తప్పితే పువ్వు దక్కదు

విత్తిన రోజు నుంచి పువ్వు విచ్చుకునే దాకా నాలుగు నెలలు, కొన్నిసార్లు నాలుగున్నర పడుతుంది. ఈ లెక్క వెనక్కి వేసుకుంటే మన వైపు రెండు విడతలు కుదురుతాయి. పునర్వసు కార్తెలో, అంటే జులై రెండో వారంలో పోసిన నారు కార్తీకంలో పూస్తుంది. మఖ కార్తెలో, ఆగస్టు మూడో, నాలుగో వారాల్లో పోసింది డిసెంబరు చివర మొదలై సంక్రాంతిని అందుకుంటుంది.

ఉత్తర కార్తె వచ్చాక, అంటే సెప్టెంబరు రెండో వారం దాటాక పోయొద్దు. ఆస్టర్ కాండం సాగాలంటే పగలు పొడవుగా ఉండాలి. జూన్‌లో ఇక్కడ పగలు 13 గంటల పైన, డిసెంబరులో 11 గంటలే. ఆలస్యంగా పోసిన నారు మడిలోకి వెళ్లేసరికి పగలు కుదించుకుపోయి ఉంటుంది. మొక్క ఆకులన్నీ నేలకి ఆనించుకుని కూర్చుంటుంది, లేదా జానెడు ఎత్తులోనే మొగ్గ వేసేస్తుంది. పువ్వు వస్తుంది, కాడ ఉండదు. దాన్ని చూసి పొట్టి రకం ఇచ్చారని దుకాణదారుతో గొడవపడేవాళ్లు ఏటా ఉంటారు. విత్తనంలో తప్పు లేదు, తేదీలో ఉంది. వాణిజ్యంగా పెంచేవాళ్లు రాత్రిపూట బల్బులు వెలిగించి ఈ తిప్పలు దాటతారు. పెరటికి అంత అక్కర్లేదు, కార్తె పట్టుకుంటే చాలు.

బతుకమ్మకి ఆస్టర్ కావాలని కొందరు అడుగుతారు. తెలుగు ఇళ్లున్న వీధుల్లో గునుగు, తంగేడు, బంతి మధ్య ఊదా రంగు వరస పేరిస్తే ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ పువ్వు అందాలంటే మే నెలాఖరులోనో జూన్ మొదటి రోజుల్లోనో నారు పోయాలి, ఆ వేడికి ఆస్టర్ మొలవనంటుంది. నేల 20 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే దానికి హాయి, 30 దాటితే మొలక సగం అవుతుంది. షేడ్‌నెట్, తడి గోనెసంచులు, రోజుకి మూడుసార్లు నీళ్లు, అంత ఓపిక ఉంటే ప్రయత్నించండి. మా మాటైతే బతుకమ్మకి మార్కెట్ పువ్వు కొనుక్కోండి, పెరటి ఆస్టర్‌ని కార్తీక దీపాలకి ఉంచండి.

నారు

98 గుంతల ప్రోట్రే (నారు పెంచే ప్లాస్టిక్ ట్రే), కొబ్బరి పొట్టు ఉంటే సగం జబ్బులు దగ్గరికి రావు. ట్రేకి తడి కొబ్బరి పొట్టు కిలో పావు పడుతుంది. గుంతకి రెండు గింజలు వేసి, పైన మూడు మిల్లీమీటర్ల పొర కప్పాలి, అంతకు మించితే మొలక పైకి రాదు. వారంలో మొలుస్తుంది. రెండు ఆకులు రాగానే బలహీనమైనదాన్ని గిల్లేయాలి, పీకితే పక్కదాని వేరు కదులుతుంది. జులై వానలో ట్రేలు ఆరుబయట పెట్టకూడదు. పైన ప్లాస్టిక్ కప్పు, పక్కలు తెరిచి ఉండాలి. నారుకుళ్లు మొదలైతే మొలక నేల మట్టానికి నూలు దారంలా సన్నబడి పడిపోతుంది. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి పోస్తే మిగిలినవి దక్కుతాయి, పడిపోయినవి ఎటూ లేవవు.

నాలుగైదు ఆకులు వచ్చి, 28 నుంచి 35 రోజుల వయసున్న నారు నాటాలి. ముదిరిన నారు నాటితే మొక్క ఎదగకుండానే మొగ్గ తొడుగుతుంది.

రేగడిలో మడి

ఈ విత్తనం మీద మనవైపు వినిపించే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఒకటే: "బాగా పెరిగి మొగ్గ వేసే టైముకి ఎండిపోయాయి." ఇది రకం లోపం కాదు, రేగడిలో నీళ్లు నిలవడం వల్ల వచ్చేది. ఆస్టర్ వేర్లు పైపైన, దట్టమైన పీచులా ఉంటాయి. తడి కావాలి గానీ నీళ్లు నిలిస్తే ఊపిరాడదు. నల్లమట్టి వానకి జిగురై, ఎండకి నెర్రెలు బారుతుంది. రెండూ ఈ వేరుకి శత్రువులే. నెర్రె విచ్చినప్పుడు పీచువేరు తెగుతుంది, తెగిన చోట నుంచి తెగులు లోపలికి పోతుంది.

అందుకని మడిని 90 సెంటీమీటర్ల వెడల్పు, 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తుతో కట్టి, మధ్యన అడుగు వెడల్పు కాలువలు తీసి, నీళ్లు బయటికి పోయే దారి చూపాలి. గుంటకి 150 నుంచి 200 కిలోల బాగా మాగిన పెంట ఎరువు కలపాలి. రెండు తట్టల ఇసుక పోస్తే రేగడి మారిపోతుందని అనుకోవద్దు, మార్చేది పెంటే. పొయ్యి బూడిద మాత్రం ఎవరు చెప్పినా వేయొద్దు. మన నేలల్లో క్షారం ఇప్పటికే ఎక్కువ, ఆస్టర్‌కి నప్పేది పిహెచ్ 7కి అటూ ఇటూ. కిన్వట్ వైపు మొరం నేలలున్నవాళ్లకి నీరు నిలిచే బాధ లేదు, కానీ నాలుగైదు రోజులకొక తడి తప్పదు. రేగడిలో వాన లేనప్పుడు వారం పది రోజులకొకటి సరిపోతుంది, గుర్తు ఏమిటంటే మడి మీద సన్న గీత పడకముందే నీళ్లు పెట్టాలి. సోయాబీన్ కోతలయ్యాక ఊరంతా దొరికే పొట్టు రెండంగుళాలు పరిస్తే నెర్రెలు ఆగుతాయి. పొట్టు మొక్క మొదలుకి తగలకుండా నాలుగు వేళ్ల ఎడం వదలాలి.

ఎరువుల లెక్క గుంటకి: నాటే ముందు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 7.5 కిలోలు, యూరియా 2 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 1 కిలో. రేగడిలో పొటాష్ సహజంగానే ఉంటుంది కాబట్టి అర కిలోతో సరిపెట్టుకోవచ్చు. నాటిన 40 రోజులకి ఇంకో 2 కిలోల యూరియా. మొగ్గ కనపడ్డాక యూరియా చల్లితే ఆకు ఏపుగా వస్తుంది, కాడ మెత్తబడి పువ్వు వాలుతుంది.

సాయంత్రం పూట నాటండి. ట్రేలో ఎంత లోతున ఉందో అంతే లోతు, మెడ మట్టిలో పూడకూడదు. మొదటి విడత మొక్కలకి నాటిన నెలకి చిగురు రెండు సెంటీమీటర్లు గిల్లితే పక్క కొమ్మలు బలంగా వస్తాయి, పువ్వు వారం పది రోజులు వెనక్కి పోతుంది. రెండో విడతకి గిల్లొద్దు. పగలు చిన్నబోయే కాలంలో పోయిన ఎత్తు తిరిగి రాదు.

ఎండిన మొక్కని చీల్చి చూడాలి

మొక్క వాడిపోగానే ఏదో ఒక మందు కొనుక్కొచ్చి పోయడం మామూలైపోయింది. మొక్క వాడిపోవడం రెండు రకాలు, రెండింటికీ దారులు వేరు.

కాండంలో ఒక పక్క ఆకులే పసుపెక్కి, మిగతా సగం పచ్చగా ఉంటే ఆ మొక్కని తీసి, మొదలు నుంచి జానెడు పైకి బ్లేడుతో నిలువుగా చీల్చండి. బెరడు కింద ఒక పక్కన గోధుమ, నలుపు కలిసిన చార పైకి పాకి ఉంటే అది ఫ్యుజేరియం ఎండు తెగులు. దానికి మొక్క మీద మందు లేదు. ఆ శిలీంధ్రం మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది. మొక్కని వేరుతో సహా తీసి తగలబెట్టాలి, కంపోస్టు గుంతలో వేస్తే వచ్చే ఏడు తోటంతా పంచిపెట్టినట్టే. ఆ మడిలో నాలుగేళ్లు ఆస్టర్ పెట్టకూడదు. రాబోయే మడికి ముందుజాగ్రత్తగా 10 కిలోల మాగిన పెంటకి 200 గ్రాముల ట్రైకోడెర్మా (తెగుళ్లని అణిచే మేలైన శిలీంధ్రం) కలిపి, తడిపి, నీడలో గోనె కప్పి వారం ఉంచి మట్టిలో కలిపితే కొంత రక్షణ ఉంటుంది.

మొక్క మొత్తం ఒకేసారి వాలిపోయి, సాయంత్రానికి కూడా తేరుకోకపోతే, మెల్లగా లాగితే వేరు పైపొర ఊడి చేతికొస్తే, మెడ దగ్గర నల్లగా నానినట్టు ఉంటే అది ఫైటోఫ్తోరా, మొదలు కుళ్లు. నీళ్లు నిలిచిన చోటే మొదలవుతుంది. ముందు కాలువ తెరవండి, ఆ తర్వాతే మందు. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకి 2 గ్రాములు చొప్పున చుట్టుపక్కల మొక్కల మొదళ్లలో పోస్తే వ్యాప్తి ఆగుతుంది. కాలువ తీయకుండా మందు మాత్రం పోస్తే డబ్బు కాలువలో పోసినట్టే.

కొత్త ఆకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది తెగులే కాదు, సున్నం ఎక్కువున్న రేగడిలో ఇనుము అందని బాధ. ఫెర్రస్ సల్ఫేట్ 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము లీటరు నీళ్లలో కలిపి వారం ఎడంతో రెండుసార్లు చల్లితే పచ్చబడుతుంది. అలా కాక పువ్వు రేకలు ఆకుపచ్చగా మారి, కొమ్మలు చీపురు పుల్లల్లా గుబురుగా వస్తే ఆస్టర్ ఎల్లోస్. ఆకు దోమలు మోసుకొచ్చే ఫైటోప్లాస్మా (బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవి) వల్ల వచ్చేది ఇది, పీకేయడమే. ఇంకొకటి కూడా చూసుకోవాలి. పక్క చెరుకు చేలో 2,4-డి కలుపు మందు కొట్టిన రోజు గాలి ఇటు మళ్లితే ఆస్టర్ కాడలు మెలికలు తిరుగుతాయి, చూడడానికి వైరస్ లాగే ఉంటుంది. దానికి మళ్లీ మందు కొట్టకండి.

సోయాబీన్ కోతలప్పుడు చేలోని లద్దెపురుగులు, శనగపచ్చ పురుగులు పచ్చగా ఉన్నదాని మీదికి వస్తాయి, అప్పుడు పచ్చగా ఉండేది మీ పూల మడే. మొగ్గకి గుండ్రటి చిల్లు ఉంటే లోపల పురుగు ఉన్నట్టు. చిన్న తోటకి పొద్దున్నే చేత్తో ఏరడం, లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె చాలు. నులిపురుగుల బాధ ఉన్న మడిలో ముందు ఏడాది బంతి వేసి, తర్వాతి ఏడు ఆస్టర్ పెట్టండి. వంగ, టమాటా తీసిన మడి మాత్రం వద్దు.

మిగతావాటితో పోలిస్తే

ఐఐహెచ్ఆర్ రకాలు నాణ్యతలో ఫూలే గణేష్‌కి ఏ మాత్రం తీసిపోవు. కామిని ముదురు గులాబీ, పువ్వులు విరివిగా వేస్తుంది, దండలకి దాన్ని మించింది లేదు. పూర్ణిమ తెల్లని పౌడర్ పఫ్ రకం, రేకలు కుదురుగా కుక్కినట్టు ఉండి చూడడానికి ముద్దుగా ఉంటుంది. కానీ మంచు, వాన పడితే ఆ ముద్ద తడిసి బరువెక్కి వాలుతుంది, లోపల బూజు పడుతుంది. కార్తీకం విడతకి, ఇంకా ఒకటి రెండు వానలు మిగిలి ఉన్నప్పుడు, తెలుపు కావాలంటే మేమైతే ఫూలే గణేష్ వైట్ వేస్తాం. సంక్రాంతి విడతకి పూర్ణిమే. వయొలెట్ కుషన్ కూడా పౌడర్ పఫ్ కాబట్టి దానికీ ఇదే మాట. కొనే విషయంలో బెంగళూరు వాళ్లదే సులువు, ఆన్‌లైన్ విత్తన పోర్టల్ ఉంది, ఇంటికే వస్తుంది. ఫూలే గణేష్‌తో ఇబ్బంది అక్కడే. నాందేడ్ జిల్లా పరభణీ వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలోది, రాహురి వేరే విశ్వవిద్యాలయం. ఊళ్లో దుకాణంలో అడిగితే ఉండకపోవచ్చు, పుణె, రాహురి వైపు వెళ్లే వాళ్ల చేత తెప్పించుకోవాలి. ఇంత మంచి విత్తనానికి ఇంత పాడు పంపిణీ ఏమిటో.

మిక్స్ పాకెట్ సంగతికి వస్తే, పొట్టి, పొడుగు, ముందు పూసేవి, వెనక పూసేవి అన్నీ ఒకే చోట. మడి ఎప్పుడూ సగమే పూసి ఉంటుంది. కుండీల్లో సరదాకి సరే. కవర్ మీద నిప్పు రంగు నారింజ, ముదురు పసుపు ఆస్టర్ బొమ్మలుంటే అక్కడే పక్కన పెట్టేయండి. ఆస్టర్‌లో తెలుపు, గులాబీ, ఎరుపు, ఊదా, నీలి ఛాయలున్నాయి, మహా అయితే మీగడ రంగు, లేత పసుపు. నారింజ లేదు. బొమ్మలో అబద్ధం చెప్పినవాడు మొలక శాతం నిజం రాశాడని నమ్మడం ఎలా?

నర్సరీలో కవర్లలో పువ్వుతో సహా అమ్మే మొక్క ఇంకో ఉచ్చు. ఆస్టర్ ఒకసారి పూసి అయిపోతుంది, కోస్తే మళ్లీ చిగురించి పూసే రకం కాదు. పువ్వు విచ్చిన మొక్క కొంటే రెండు మూడు వారాల అలంకరణ కొన్నట్టే, తోట కొన్నట్టు కాదు. కొనాల్సిందే అయితే ఐదాకుల నారు, మొగ్గ లేనిది, కవర్ అడుగున వేర్లు చుట్లు తిరగనిది చూసి తీసుకోండి.

చలిదేశాల బహువార్షిక ఆస్టర్, మైకేల్మస్ డైసీ అని ఆన్‌లైన్‌లో విత్తనాలు అమ్ముతున్నారు. ఉత్తర అమెరికా మొక్క, చలికాలంలో నిద్రపోయి లేచే అలవాటు దానిది. మన మే నెల దాటడం కష్టం, దాటినా మరుసటి వానకి ఆకులన్నీ బూడిద తెగులు. పైగా దాని మంచి రకాలు పిలక విడదీసి పెంచేవే, గింజ నుంచి అదే పువ్వు రాదు. డబ్బు పెట్టొద్దు.

కోత, మళ్లీ విత్తనం

కూజాలో పెట్టడానికైతే బయటి రెండు మూడు వరసల రేకలు విచ్చుకోగానే పొద్దున్నే కోయాలి. దండకైతే పూర్తిగా విచ్చాక. కాడ కింది సగం ఆకులు తీసేయాలి, ఆస్టర్ ఆకు నీళ్లలో ఒక్క రోజులో కుళ్లి కంపు కొడుతుంది. రోజూ నీళ్లు మారిస్తే వారం నిలుస్తుంది.

ఫూలే గణేష్, కామిని లాంటివి స్థిరపడ్డ రకాలు కాబట్టి ఇంటి విత్తనం తీసుకోవచ్చు. ఆస్టర్ ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కడుతుంది, అయినా తేనెటీగలు కొంత కలుపుతాయి. రంగు చెడకూడదంటే మడి నడిమధ్యలో ఉన్న, జబ్బు లేని పది మొక్కల్ని ఎంచుకుని, ఒక్కోదానికి నాలుగైదు పువ్వులు కోయకుండా వదలాలి. పువ్వు పూర్తిగా ఎండి, నడిమి నుంచి నూగు తేలగానే మంచు ఆరిన తర్వాత కోసి, కాగితం మీద నీడలో వారం ఆరబెట్టి, నలిపి చెరగాలి. తాలు గింజ ఊదితే పోతుంది. కాగితం పొట్లం కట్టి, గాలి చొరని సీసాలో రెండు బొగ్గు ముక్కలతో పాటు వేసి ఫ్రిజ్ కింది అరలో పెడితే పునర్వసు దాకా మొలక నిలుస్తుంది. పొట్లం మీద రంగు, నెల తప్పకుండా రాయండి, నాలుగు రంగుల గింజా చూడడానికి ఒకలాగే ఉంటుంది. రెండేళ్లు ఇంటి విత్తనం వాడాక మూడో ఏడు కొత్త పాకెట్ తెప్పించుకోవాలి, లేకపోతే ఊదా మడిలో గులాబీలు ఒకటీ అరా తలెత్తడం మొదలవుతుంది.